పన్నెండో ఫ్రేములో సూర్యుడు

నన్నన్న మాటలు నేను మర్చిపోను. ఈ ప్రయాణానికి కారణం అదే.

కిందటేడు సెకండ్‌హ్యాండ్ డిజిటల్ కెమెరా ఒకటి కొనుక్కుని, మొదటి సెలవు రోజున రుషికొండ వెళ్ళి సూర్యోదయం తీశాను. నీళ్ళ మీద ఎర్రటి ఆకాశం, మనిషి జాడ లేని తీరం. ఆ ఫొటోని మా ఉక్కునగరం క్వార్టర్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందరూ బాగుందన్నారు. ఎదురింటి అప్పలరాజు మాత్రం ఒక్క ముక్క రాశాడు: "స్లాగా బావా?"

మా ఊరు చూడనివాళ్ళకి ఇది చెప్పాలి. కొలిమిలో ఇనుము కరిగినప్పుడు పైన తేలే మడ్డి పేరు స్లాగ్. దాన్ని పెద్ద ఇనుప కుండల్లో, రైలు మీద తీసుకెళ్ళి ప్లాంటు లోపలే ఒక మూల పారబోస్తారు. పోసినప్పుడల్లా ఆకాశం కాసేపు నారింజ రంగుకి తిరుగుతుంది. మా పిల్లలు ఆ వెలుతురుకి తల కూడా ఎత్తరు. ఆ కుండల రైలుకి ఇంజను నడిపేవాళ్ళలో అప్పలరాజు ఒకడు. మాకు చుట్టరికం లేదు. నాది గోదావరి జిల్లా, అతనిది విజయనగరం పక్క పల్లె. కానీ ఇక్కడ మగవాళ్ళంతా ఒకరికొకరు బావలే.

భీమిలి ఫొటో పెట్టాను. "స్లాగా బావా?" కైలాసగిరి మీద నుంచి తీసింది పెట్టాను. "స్లాగేనా?" చలికాలంలో వణుకుతూ లంబసింగి వెళ్ళి, మంచులో సూర్యుణ్ణి పట్టుకొచ్చాను. "పొగ బాగొచ్చినాది బావా. స్లాగేనా?" చివరికి పాలు పోసే ఆవిడ కూడా నన్ను చూసి, "మొన్నటి స్లాగ్ ఫొటో బాగుంది బాబూ" అంది.

ఇంతలో కాలనీ క్లబ్బు వాళ్ళు నా ఏడాది ఫొటోలు గోడకి పెడతామన్నారు. నెలకొకటి చొప్పున పన్నెండు ఫ్రేములు. ప్రతి ఫొటో కింద "ఇది స్లాగ్ కాదు" అని రాయించమంటే సెక్రటరీ ఒప్పుకోలేదు. అదీ గుర్తుంది. పదకొండు ఫ్రేములు నిండాయి. పన్నెండోది ఆదివారం రాత్రి ఎనిమిదిలోగా ఇవ్వాలి, సోమవారం ప్రారంభం. ఆ చివరి ఫొటోలో ఎవరూ వేలెత్తి చూపలేని సూర్యుడుండాలి. అంతకన్నా ముఖ్యం, అప్పలరాజు నోటితో "సూర్యుడు" అనిపించాలి. అందుకని అతన్నే సాక్షిగా వెంటబెట్టుకుని బయల్దేరాను. ఆదివారం అతనికి ఆఫ్.

కూర్మన్నపాలెం జంక్షన్‌లో తెల్లవారుజామున నాలుగుంబావుకి బస్సు దొరికింది. కిటికీ సీటు అప్పలరాజు తీసుకున్నాడు. అడగలేదు.

"మనం వత్తన్నామని సూర్యుడికి సెప్పీసేవా బావా?"

ఆర్టీసీ కాంప్లెక్సులో దిగి, టీ తాగి, ఆటోలో జాలరిపేట చేరేసరికి ఆరు కాలేదు. మీరూ వెళ్తే చెప్పులు చేతిలో పట్టుకుని నడవండి. ఇసుకలో పడవల తాళ్ళు కాళ్ళకి తగులుకుంటాయి. నేను పడ్డాను. అప్పలరాజు నవ్వాడు.

ఒడ్డున నీలం రంగు పడవ ఒకటి, నేను ఏడాదిగా వెతుకుతున్న వంపుతో నిలబడి ఉంది. కెమెరా ఎత్తాను. పడవ పక్కన చేపల గంపతో కూర్చున్న నూకాలమ్మ అనే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఓ బాబూ! బోణీ అవనేదు. బోణీ అవకుండా పడవకి ఫొటో ఏటి?"

"ఫొటోకీ బోణీకీ ఏమిటమ్మా సంబంధం? ఒక్క నిమిషం పక్కకి జరిగితే చాలు."

"పొద్దున్నే వచ్చి నన్ను జరగమంతన్నావా? నువ్వే జరుగు. సముద్రం సానా ఉంది."

నేను వాదనకి దిగబోయాను. ఈలోగా అప్పలరాజు గంప ముందు కూర్చుని కవళ్ళు ఏరుతున్నాడు. చేపలు సంచీలో పడ్డాక ఆమె డబ్బు కళ్ళకద్దుకుని నావైపు తిరిగింది.

"ఇప్పుడు తీసుకో, నీకెన్ని కావాలో. సూర్యుడు రాపోతే మాత్రం నన్నడక్కు. మబ్బు సూడు, ఈవేళ ముసుగు తన్నీసాడు."

ఆమె చెప్పినట్టే అయింది. చీకటి బూడిద రంగు అయింది, ఆ బూడిద తెల్లబడింది, అంతే. ఎనిమిదింటి దాకా నిలబడ్డాను. అప్పలరాజు పడవకి జారబడి నన్ను ఓదార్చాడు. "నైట్ డ్యూటీ సేసొచ్చుంటాడు బావా. పడుకోనీ."

అక్కణ్ణుంచి రుషికొండ బస్సెక్కాం. ఎక్కడ మొదలుపెట్టానో అక్కడే ముగిద్దామని నా ఆశ. దారిలో ఇడ్లీ తిన్నాం, చట్నీ పలచన. కూల్‌డ్రింకుల కొట్టు ఆయన్ని బతిమాలి చేపల సంచీలో ఐసు వేయించుకున్నాం. మధ్యాహ్నం మూడింటి దాకా ఇసుకలో కూర్చున్నా మబ్బు ఇసుమంతైనా కదల్లేదు. చేసేది లేక కెమెరా తెర మీద ఏడాది ఫొటోలన్నీ అతనికి వరసగా చూపించాను. అతను ఒక్కొక్కటీ దగ్గరికి పెట్టుకుని, వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. వెక్కిరిస్తాడేమోనని కాచుకున్నాను.

"ఒక్కదాన్లోనూ మనుషులు నేరేటి బావా?"

"అడ్డం తప్పుకోమంటాను. లేదా వెళ్ళేదాకా ఆగుతాను."

"అందరూ ఎలిపోయాక మరెవరికోసం తీత్తన్నావ్?"

జవాబు లేని ప్రశ్న అడగడం కూడా ఒక రకం అవమానమే కనుక దాన్నీ పాతవాటి పక్కన పెట్టుకున్నాను.

తిరుగు ప్రయాణంలో కాంప్లెక్సులో బస్సు మారేసరికి అయిదు. ఈసారి కిటికీ పక్కన అమలాపురం నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుంది, చెల్లెలి క్వార్టర్‌కి మొదటిసారి వస్తోందట. మధ్యలో అప్పలరాజు, ఈ చివర నేను. ఐసు ఎప్పుడో కరిగిపోయింది.

"ఏవండీ, ఈ వాసన మీ దగ్గర్నుంచేనాండీ?"

"ఫొటోలు తీయడానికి వెళ్ళామండీ," అన్నాను.

"ఫొటోలు ఇలా వాసనొస్తాయాండీ?"

అప్పలరాజు ఆనందానికి అంతు లేదు. ఆ ఆనందంలోనే నిద్రపోయాడు. నేను ఖాళీ ఫ్రేము గురించి ఆలోచిస్తూ కూర్చున్నాను. పదకొండు ఫొటోల పక్కన ఒక బోసి గోడ, దాని ముందు నిలబడి కాలనీ అంతా ఏమంటుందో కూడా వినిపిస్తోంది.

గాజువాక దాటి ట్రాఫిక్‌లో ఆగిపోయాం. చీకటి పడుతోంది. ఉన్నట్టుండి దక్షిణం వైపు ఆకాశం అంటుకుంది. రోజంతా నన్ను ఏడిపించిన మబ్బే, ఇప్పుడు ఆ వెలుతురుని పట్టుకుని ఊరంతా పరిచింది. బస్సులో మొహాలన్నీ నారింజ రంగు.

"అమ్మో!" అంది అమలాపురం ఆవిడ. "మీ ఊళ్ళో పొద్దు ఇంత ఎర్రగా గుంకుద్దాండీ?"

అప్పలరాజు లేచి నిలబడ్డాడు. కిటికీ చువ్వ పట్టుకుని వంగి చూశాడు.

"తీయి బావా."

"ఏం తీయమంటావు? అది స్లాగ్."

"స్లాగే. తీయి." గొంతు తగ్గించాడు. "గేటు లోపలికి కెమెరా రానివ్వరు కదేటి. పద్దెనిమిదేళ్ళ బట్టి ఆ కుండలు లాగుతన్నాను. నా పని ఇదీ అని సూపించడానికి ఒక్క ఫొటో నేదు. నువ్వు ఎర్రటి ఫొటో పెట్టినప్పుడల్లా, ఈపాలైనా మాదేమో అని అడిగీవోణ్ణి."

ఏడాదంతా అతను నన్ను వెక్కిరించలేదు, అడిగాడు. ఆ ముక్క మొదట్లోనే చెప్పొచ్చు కదా. చెప్పలేదు. అది వేరే నేరం.

కెమెరా తీశాను. ఆవిడ మర్యాదగా వెనక్కి జరగబోయింది. "ఉండండమ్మా, కదలకండి," అన్నాను. కెమెరా పట్టాక ఒక మనిషిని ఉండమనడం నాకదే మొదలు. కిటికీ చువ్వలు, ఆవిడ ఆశ్చర్యం, చువ్వ పట్టుకున్న అప్పలరాజు చెయ్యి, వాటి వెనక మండుతున్న ఆకాశం. బస్సు కదిలేలోపు ఒక్కటే వచ్చింది.

"సూర్యుడేనాండీ?" ఆవిడ మళ్ళీ అడిగింది.

అప్పలరాజు నావైపు ఓరగా చూశాడు.

"అవునమ్మా. సూర్యుడే."

ఏడాది నేను కాచుకున్న మాట! "కాదండీ, స్లాగ్!" అని అరిచాను. బస్సంతా వెనక్కి తిరిగింది.

జంక్షన్‌లోని స్టూడియోలో ప్రింటు వేయించుకుని, ఎనిమిదికి ముందే క్లబ్బు చేరాం. సెక్రటరీ ఫొటోని వెలుతురులో పట్టుకుని, "బాగుందండీ, ఇది ఏ బీచి?" అన్నాడు. కింద "ఇది స్లాగ్" అని రాయమన్నాను. ఈసారి మారు మాట్లాడకుండా రాశాడు.

ఒక మాట మాత్రం చెప్పగలను. విశాఖలో ఆకాశం కోసం వెళ్ళేవాళ్ళు మబ్బు పడితే వెనక్కి తిరగకండి, ఇంటిదారిలో కూడా కెమెరా చేతిలోనే ఉంచుకోండి. పక్కన ఒక మనిషిని తీసుకెళ్ళండి. కిటికీ సీటు మాత్రం వదలకండి.

క్వార్టర్స్‌కి నడుస్తుంటే అప్పలరాజు చేపల సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"రేపు మా ఆవిణ్ణీ పిల్లల్నీ తెత్తాను బావా. ఈవేళ పోసినోణ్ణి నాను కాదు గానీ, నానే అని సెప్తాను. నువ్వు నోరెత్తకు."

"ఎత్తను," అన్నాను. "గుర్తుపెట్టుకుంటాను, అంతే."