చెప్పుల వరస

డెబ్భైలలో ఒకసారి దుబాయి విమానాశ్రయంలో పాస్‌పోర్టు మీద ముద్ర కోసం నిలబడ్డాను. వరస కదలదు. కొత్త బూట్లు కరుస్తున్నాయి. నా ముందున్నావిడ యాదమ్మ. మా మూసాపేటకు దగ్గర్లోని ఖాజాగూడేనట, భర్త దగ్గరికి వచ్చింది. ఉన్నట్టుండి చెప్పులు విడిచి, వాటిని వరసలోనే ఉంచి, గోడవార కూర్చుంది.

"ఇదేంటండీ?" అన్నాను.

"మా రేషన్ దుకాణం కాడ గిట్లనే పెడ్తం. వరస కదిలితే నా చెప్పులు జర ముందుకు నూకు అన్నా. నీ బూట్లు గూడ ఇడువరాదు."

"పర్లేదండి," అన్నాను.

ఆమెను చూసి ముందున్న మలయాళీలూ విడిచారు. సూటు వేసుకున్న తెల్లదొర ఒకడు కాసేపు ఆలోచించి తన బూట్లూ విప్పి పెట్టాడు. అందరూ గోడవార చేరి కబుర్లలో పడ్డారు. నేనొక్కణ్ణే నిలబడి, అందరి చెప్పులూ కాలితో ముందుకు తోస్తున్నాను.

"గంత మొండితనమేందన్నా," అని యాదమ్మ జాలిపడింది.

మొండితనం కాదు. చిరిగిన మేజోళ్లలోంచి నా బొటనవేళ్లు రెండూ బయటికి చూస్తున్నాయి. దొర ముందు దేశం పరువు ఏం కావాలి?