మూగనోము నోరు విప్పింది

యూనివర్సిటీలో ఆమెను అందరూ మూగనోము అనేవారు. ఆ పేరు పెట్టింది క్లాసు తీసుకునే మాస్టారే, నిరుడు సెమినార్‌లో ఆమెకు నోరు పెగలనప్పుడు. అప్పట్నుంచి వెనక వరుసలో తలుపు పక్క కుర్చీ ఆమెది. హాజరు పలకాలన్నా ముందుగా గొంతు సవరించుకునేది. ఎవరైనా తనవైపు చూస్తే చొక్కా చేతుల్ని వేళ్లమీదికి లాక్కునేది. ఇంట్లో మాత్రం వాగుడుకాయ. "ఈ నోరు క్లాసుకు తీసుకెళ్లవేంటే?" అనేది అక్క.

ఆ రోజు కొత్తగా చేరిన పిల్ల సెమినార్ చెబుతోంది. చేతిలో కాగితం చూస్తూ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. మాస్టారు కాలు మీద కాలు వేసుకుని, "గొంతు ఇంట్లో మర్చిపోయి వచ్చావా? పోనీ ఏడ్చి చూపించు, దానికైనా మార్కులేస్తా" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

మూగనోముకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలియదు.

"ఆ అమ్మాయి భయం మాట్లాడ్డానికి కాదండి. మీరు అందర్నీ నవ్విస్తారని. నన్నూ అలాగే చేశారు." చొక్కా చేతుల్ని వేళ్లమీదికి లాక్కుంది. మాట మాత్రం ఆగలేదు. "మాకు మాట్లాడ్డం రాదంటారు. వచ్చేదాకా మీరెప్పుడు ఆగారు?"

మాస్టారి మొహం కందగడ్డలా అయింది. "కూర్చో."

"కూర్చుంటానండి. ముందు ఆ అమ్మాయిని చెప్పనివ్వండి."

నవ్వినవాళ్లెవరూ తలెత్తలేదు. పిల్ల కళ్లు తుడుచుకుని మొదటి వాక్యం నుంచి మళ్లీ అందుకుంది. తడబడుతూనే చివరిదాకా చెప్పింది. అంతసేపూ మూగనోము నిలబడే ఉంది.