టుకునీకి తెలిసిన శంఖు గాజు

కుంతల రోజూ తెల్లవారగానే, పెళ్ళయిన ఆడవాళ్ళు ముత్తైదువ గుర్తుగా వేసుకునే శంఖు గాజును ఎడమచేతి మీదే కడిగి, కొంగుతో తుడిచి, జగన్నాథుడి పటం ముందు కళ్ళకద్దుకునేది. "స్వామీ, నీకేమో అంతంత కళ్ళు, చేతులు చూస్తే పొట్టివి. మా టుకునీకి చేతులు తప్ప ఏమీ ఇవ్వలేదు. ఇదేం పంపకమయ్యా?" అని కాసేపు పోట్లాడి, ఆ తర్వాతే పనికి బయలుదేరేది.

టుకునీ ఋషికుల్య నది ఒడ్డున చేపలవాళ్ళ వాడలో బాసంతి కూతురు. పుట్టుకతోనే చూపు లేదు, వినికిడి లేదు. అలాంటి పిల్లలకు ఇంటికే వెళ్ళి నేర్పే పని కుంతలది. అందరూ ఆమెను గురుమా అనేవాళ్ళు. టుకునీకి ముందుగా నేర్పింది ఆ పేరే. వెళ్ళగానే పిల్ల చేతిని తన గాజు మీద పెట్టేది. దాని మీద చేప పొలుసుల్లా గీతలు చెక్కి ఉండేవి. అమ్మంటే ముక్కుపుడక, గురుమా అంటే ఆ గీతలు. టుకునీ గడపలో కూర్చుని, వచ్చిన ప్రతి చేతినీ తడిమేది. గాజు దొరికితే చాలు, నవ్వుతూ ఒళ్ళోకి ఎక్కేది.

"నేను పెడితే మూతి తిప్పుతుంది. గురుమా చేతి చద్దన్నమైతే కుండ ఖాళీ చేస్తుంది, దొంగపిల్ల!" అని బాసంతి మురిపెంగా తిట్టేది.

ఆ ఏడాది వానల్లో ఒకరోజు టుకునీ తనంతట తానే వేళ్ళు గడ్డానికి ఆనించి నీళ్ళడిగింది. చేతి సైగతో అది చెప్పిన మొదటి మాట అదే. కుంతల వాడంతా తిరిగి చెప్పుకుంది. ఎవరో ముసలమ్మ పిల్లకని బెల్లం ముక్క పంపింది.

కార్తీకంలో కుంతల భర్త నబఘన జ్వరంతో పోయాడు. పదోనాడు ఏటి రేవులో పెద్ద ఆడవాళ్ళు శంఖు గాజుతో సహా ఆమె గాజులన్నీ తీసి నీళ్ళలో వదిలారు. కుంతల ఏడుస్తూ చేయి చాచింది, అంతే. టుకునీకి ఆ గాజే తన పేరని ఆ క్షణాన ఆమెకూ గుర్తు రాలేదు.

కర్మలయ్యాక టుకునీ దగ్గరికి వెళ్ళింది. పిల్ల ఆమె మణికట్టు తడిమింది. మోచేతిదాకా వెతికింది. రెండో చేయీ వెతికింది. తర్వాత ఆ చేతిని మెల్లగా పక్కకు నెట్టి, మళ్ళీ వీధివైపు చేతులు చాచి కూర్చుంది.

ఆ తర్వాత రోజూ అంతే. ముద్ద పెడితే తినదు. నీళ్ళడగడం కూడా మానేసింది. కుంతల మణికట్టుకు దారం కట్టుకుని వెళ్ళింది, రబ్బరు గాజు తొడుక్కుని వెళ్ళింది. టుకునీకి ప్రతిసారీ ఎవరో కొత్త మనిషే.

"మీరు ఎదురుగా ఉన్నా మీకోసమే ఎదురుచూస్తోంది, గురుమా," అంటూ బాసంతి కళ్ళు ఒత్తుకుంది. "ఇలాగే ఇంకొన్నాళ్ళయితే నేర్చిందంతా మర్చిపోదూ?"

అలాంటి గాజు ఊళ్ళో ఇంకొకటే ఉంది. అత్తగారు కోడళ్ళిద్దరికీ ఒకే పనివాడిచేత చెక్కించింది. రెండోది తోడికోడలు సంజుక్త చేతికుంది.

మార్గశిర గురువారం. సంజుక్త లక్ష్మీపూజకు వాకిట్లో బియ్యప్పిండితో అమ్మవారి పాదాలు వేస్తోంది. కుంతల వీధిలోనే ఆగిపోయింది.

"అక్కడే నిలబడ్డావేం అక్కా? నిన్ను చూసి పారిపోవడానికి లక్ష్మి అంత పిరికిదా? లోపలికి రా!"

"వద్దులే సంజూ. ఒకటి అడగాలి. అడగకూడనిదే. కోపమొస్తే తిట్టు." కుంతల కొంగు చేతికి చుట్టుకుంది. "నీ శంఖు గాజు ఒక్కపూట ఇస్తావా?"

సంజుక్త పిండి చేయి గాజు మీదికి పోయింది. ఆమె భర్త ఆ తెల్లవారుజామునే లారీ వేసుకుని కటక్ వెళ్ళాడు. మగడు ప్రయాణంలో ఉండగా ఆ గాజు చేతినుంచి తీయడమే అపశకునం.

"అక్కా... ఆయన రోడ్డు మీదున్నారు."

"తెలుసమ్మా. అందుకే గడప తొక్కకుండా అడుగుతున్నాను. వేసుకుని తిరగడానికి కాదు. టుకునీ ముందు కూర్చున్నాకే తొడుక్కుంటాను. అది తడిమి నన్ను పట్టుకున్నాక, దాని చేత్తోనే తీయిస్తాను. గాజే పోయింది, గురుమా ఇక్కడే ఉందని దానికి ఇంకెలా చెప్పను? పాపమైతే నా మీదే వెయ్యమని పొద్దున్నే స్వామికి చెప్పుకుని వచ్చాను. ఒక్కపూట ఇవ్వు, సంజూ."