మంద నిలబడిన మధ్యాహ్నం

మడకశిర బస్టాండు పక్కనున్న నా బోండాల అంగట్లోకి మొన్న ఒక పెద్దాయన వానకు తడిసిన కంబళి కప్పుకొని వచ్చాడు. కాగిన నూనె వాసననూ బస్సు పొగనూ పక్కకు నెట్టి ఆ తడి ఉన్ని వాసన నేరుగా నా ముక్కులో దూరింది. మా అబ్బ, అంటే మా నాయనకు నాయన, అచ్చం ఇదే వాసన వచ్చేవాడు. వాన పడని ఏళ్ళలో కూడా.

గుట్ట కింద, ఊరికి దూరంగా, గొర్రెల కాపర్ల వాడ మాది. అయిదో తరగతిలో బడీ నేనూ రాజీపడి విడిపోయాక అబ్బ వెంట మందతో తిరిగేదాన్ని. వేరుశనగ పీకేసిన చేలలో మిగిలిన కాయలు ఏరి నిప్పుల్లో కాల్చుకోవడం, పండని సీతాఫలాలు కోసి రాగుల గంపలో దాచి, పండాయా అని రోజూ నొక్కి నొక్కి వాటి ప్రాణం తీయడం, అబ్బ పెళ్ళాం మా జేజి ఉగాదికి కాల్చే బెల్లం ఓళిగలు, మిగతా రోజుల్లో వేడి సంగటి, ఊరిబిండి పచ్చడి. మా ఏడాది ఇంతే. అందులో వాన మాత్రం పిలిచినా రాని చుట్టం.

మా చెల్లెలు గంగకు మూర్ఛలు వచ్చేవి. నెలనెలా వాడకొచ్చే మందుల బండిలో నర్సమ్మ మాత్రలిచ్చేది. అవి వేసుకున్నన్నాళ్ళూ గంగ నా జుట్టు పీకేంత ఆరోగ్యంగా ఉండేది. ఇంతలో ఎలక్షన్లొచ్చాయి. మా వాడకు విడిగా బూతు ఉండేది కాబట్టి, మేం ఎవరికి ఓటేశామో లెక్కపెట్టిన వాళ్ళందరికీ తెలిసిపోయింది. మేం వేసినాయన ఓడిపోయాడు. గెలిచినాయన మనుషులు బండిని గుట్టకు అవతలున్న పెద్దూరికి మళ్ళించారు. అమ్మ గంగను ఎండలో నడిపించుకొని పోతే దారిలోనే మూర్ఛ వచ్చింది. తేరుకొని చేరేసరికి బండి వెళ్ళిపోయింది. ఇంట్లో మాత్రలు అయిపోయాయి.

గెలిచిన ఎమ్మెల్యే మా రోడ్డు మీదుగా పోతాడని తెలిసిన రోజు, అబ్బ మిట్టమధ్యాహ్నం మందను రోడ్డెక్కించాడు. ఎండ ముదిరితే గొర్రెలు ఒకదాని కడుపు నీడలో ఇంకొకటి తల దూర్చి ముద్దగా నిలబడిపోతాయి. అప్పుడు వాటిని కదిలించడమూ లేపాక్షి బసవన్నను నెట్టడమూ ఒకటే. కార్లు వచ్చి ఆగాయి. హారన్లు మోగాయి. తెల్లచొక్కాల వాళ్ళు దిగి ఒక గొర్రెను పక్కకు లాగితే, ఆ సందులోకి ఇంకో రెండు జరిగేవి. గుడ్లప్పగించి చూశాను. అంతమంది పెద్దమనుషులు గొర్రెల తోకలు పట్టుకొని బతిమాలుతుంటే ఎవరైనా చూస్తారు.

"ఏమప్పా, తోలుకో. అన్న పోవల్ల," అన్నాడొక తెల్లచొక్కా.

"తోల్తానే ఉండా సామీ," అన్నాడు అబ్బ, కంబళి సర్దుకుంటూ. "ఎండ తగ్గితే అవే కదుల్తాయి."

"అంతవరకూ అన్న ఈడే ఉండల్లనా?"

"మేము ఈడే ఉండాము కదప్పా."

చివరికి ఎమ్మెల్యే కారు దిగి చెమట తుడుచుకున్నాడు. జేజి చెంబుతో అంబలి ఇచ్చింది. ఆయన తాగేదాకా ఆగింది.

"మా గంగకు మాత్రల్లేవు నాయనా," అని రోడ్డు పక్కన నా ఒళ్ళో తల పెట్టుకొని పడుకున్న చెల్లెల్ని చూపించింది. "మేము నీకు ఓటెయ్యలేదు, నిజమే. ఈ బిడ్డకు ఇంకా ఓటే లేదు. దీని మీద కోపమేల?"

ఆయన గంగ వంక చాలాసేపు చూశాడు. గొర్రెల వంక అంతకంటే ఎక్కువసేపు చూశాడు. తర్వాత ఫోన్ తీసి, "ఆ బండి మళ్ళీ వీళ్ళ వాడకే రానీ," అన్నాడు. ఆ వారంలోనే బండి వచ్చింది. నోరులేని జీవాలు గవర్నమెంటు చేత మాట మార్పించడం కళ్ళారా చూసినదాన్ని కాబట్టి, ఇప్పటికీ గొర్రె ఎదురైతే పక్కకు తప్పుకొని దారిస్తాను.

అబ్బ పోయాడు. కరువులో మంద అమ్ముడుపోయింది, కాపర్ల పిల్లలు బెంగళూరులో ఇటుకలు మోస్తున్నారు, రోడ్డు నాలుగింతలు వెడల్పయింది. పోయిన నెల నుంచి వాడకు బండి రావడం మళ్ళీ ఆగింది. ఎవరినడిగినా పైనుంచి ఆర్డరంటారు. నిన్న ఇప్పటి ఎమ్మెల్యే ఆ దారిన వస్తున్నాడని తెలిసి, ఇద్దరు బిడ్డల తల్లయిన గంగా నేనూ రోడ్డు పక్కన నిలబడ్డాం.

"ఒక్క గొర్రె కూడా లేదే," అన్నాను.

నన్ను కింది నుంచి పైదాకా చూసి, "నువ్వుండావు కదక్కా," అంది గంగ. "మందంత ఉండావు."

దూరంగా హారన్ వినపడింది. నవ్వుకుంటూనే ఇద్దరం రోడ్డు మధ్యకు నడిచాం.