గట్టు గడ్డికి బేరం

ఐదువందలు మిగుల్చుకోవడానికి మా పొలం గట్టుకు నేనే నిప్పు పెట్టాను. తిరుమణి చుట్టుపక్కల ఇంత గట్టి బేరం చేసినవాడు ఇంకొకడు లేడు.

చేను సోలారు కంపెనీకి బాడుగకిచ్చాక కంచె బయట ఒక గట్టు మాత్రం మాకు మిగిలింది. ఎండాకాలానికి దాని మీద బోదగడ్డి మోకాలు దాటింది. గొర్రెల కాపరిని పిలిచాను.

"నీ మందకు మేత చూపిస్తా. ఎంతిస్తావ్?"

ఆయన నవ్వాడు. "నీ గడ్డి తీసేది నేను. ఐదునూర్లు నువ్వే ఇయ్యాల, సావుకారప్పా."

"మేసేది నీ గొర్రెలు, దుడ్లు నావా?"

"ఊర్లో ఇంకా గొర్రెలు యాడుండాయప్పా? చేన్లకు సోలారు అద్దాలొచ్చినంక అందరూ అమ్ముకున్నారు. నా మంద కోసం మూడూర్లోళ్లు కాసుకోనుండారు."

అంగట్లో పెరిగినవాణ్ని. గిరాకీ ఎదుటివాడి వైపు ఉంటే ఓర్చుకోలేను. పొమ్మన్నాను. మందను అవతలి చేనికి తోలుకుపోయాడు.

మా నాయన ఏటా విత్తనానికి ముందు గట్లు కాల్చేవాడు. వేపమండ పట్టుకుని వెంట నడిస్తే చాలు, మంట చీలమండ దాటేది కాదు. అప్పట్లో ఊరి పశువులన్నీ మేసి వదిలిన మొదళ్లే నిప్పుకు దక్కేవన్న సంగతి నాకు తట్టలేదు.

మధ్యాహ్నం నేనూ ఒక వేపమండ పట్టుకుని అగ్గిపుల్ల గీశాను. మంట నడుమెత్తు లేచింది. గాలికి కంచెను వదిలేసి, పక్క చేని ముసలామె వేరుశనగ కట్టె వామి మీదికి మళ్లింది. వానలు పడేదాకా ఆమె రెండు ఆవులకు అదే మేత.

"సావుకారూ! మండతో ఇసురుకుంటాండావేందప్పా, అదేమన్నా దేవుని పల్లకీనా? పంచె ఇప్పి కొట్టు!" అని ముసలామె అరిచింది.

విప్పి కొట్టాను. సగం వామి కాలిపోయింది. మిగతా సగాన్ని ఆమె లాగి పక్కకు పడేసింది. గొర్రెలు నున్నగా మేసిపోయిన అవతలి చేని అంచున మంట తనంతట తానే ఆగింది.

చుట్టుపక్కల ఆమె తప్ప వేరుశనగ వేసినవాళ్లు లేరు కాబట్టి కట్టె కోసం మంగళవాడ దాకా వెతికాను. ట్రాక్టరు తెచ్చేసరికి ఎనిమిది రోజులు పట్టింది. అప్పటికే ఆమె, మిగిలిన కట్టె వానలదాకా రెండింటికీ రాదని, ఒక ఆవును సంతలో వచ్చినకాడికి అమ్మేసింది.

కట్టెకు, ట్రాక్టరుకు నాలుగువేలు. పంచెకు రెండువందలు. ఆవు తక్కువకు పోయినందుకు ఆమెకు ఐదువేలు; లెక్కపెట్టుకుని తీసుకుంది, ఆవును కొన్నవాడు మాత్రం తిరిగివ్వనన్నాడు. మొత్తం తొమ్మిదివేల రెండువందలు, ఒక ఆవు.