ఎక్కని కొండ మీద నా వ్యాసం

ఒక మనిషి ఒకే దెబ్బకి కొండనీ, మేనమామనీ, తన పుట్టుకనీ కలిపి దొంగిలించగలడా అని మీకు అనుమానం రావచ్చు. గలడు. ఆ ఘనుణ్ణి నేనే. మీరు హాయిగా నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేను మాత్రం ఇప్పటికీ సగమే నవ్వగలను.

అరవైల చివరి మాట. విజయనగరంలో ఒక కాలేజీలో కొత్తగా తెలుగు ట్యూటరుగా చేరాను. ఇస్త్రీ చొక్కా, చంకలో లావుపాటి పుస్తకం, ముక్కు మీద అవసరం లేని కళ్లజోడు. ఎవరో విజ్ఞాన సర్వస్వం అచ్చు వేస్తూ, రామతీర్థం గురించి వ్యాసం కావాలని మా కాలేజీకి రాశారు. పెద్దవాళ్లెవరికీ తీరిక లేక ఆ పని నా నెత్తిన పడింది. "చివర ఆధారములు తప్పక పేర్కొనవలెను" అని షరతు.

రామతీర్థం నాకు తెలుసు. అంటే, కింద కోవెల్లో పెట్టే పులిహోర తెలుసు. కొండ మీద బౌద్ధుల నాటి ఇటుక గోడలున్నాయని విని, కింద నుంచే దణ్ణం పెట్టుకున్న బాపతు నేను. ఎండలో అంత ఎత్తు ఎవడెక్కుతాడు చెప్పండి? పైగా మా మావ ఉండగా!

మావ అంటే మా అమ్మకి అన్న. ఆ పక్క ఊళ్లోనే బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. ఆయాసం మనిషి. అయినా ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సెలవు దొరికితే చాలు, ఆగి ఆగి కొండెక్కి, గోడల్ని తాడుతో కొలుచుకుని వచ్చేవాడు. అదంతా వాళ్ల బడి వార్షికోత్సవ సంచికలో వ్యాసంగా రాశాడు. తన దగ్గర మిగిలిన ఒక్క ప్రతినీ "సదువుకో, జాగర్త" అని నాకిచ్చాడు.

చదవలేదు. ఎత్తిరాశాను. ఇటుకల్ని ఇష్టికలు చేశాను, వానని వర్షపాతం చేశాను, పాండిత్యం దండిగా పట్టించాను. ఆధారాల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. మావ పేరు వేస్తే ఇక నా పేరెందుకు? "రచయిత స్వయముగా కొండనెక్కి పరిశీలించినవి" అని రాసి పంపేశాను. ఇంట్లో సాక్ష్యం ఎందుకని ఆ సంచికని పాత కాగితాల్లో కలిపి పొట్లాలకని శనగల బండివాడికి ఇచ్చేశాను.

కొన్నాళ్లకి, ఆ సంచిక పట్టుకుని రమ్మని మావ కబురు పెట్టాడు. వెళ్లేసరికి పట్టపగలు వీధి తలుపు వేసి ఉంది. అత్త తీసింది.

"మీ మావ గుమ్మం దాటడం మానీసినాడు నాయినా. ముద్ద దిగడం నేదు."

మావ నాకో కార్డు అందించాడు. "ఆ పుస్తకపోళ్లు ఎవురైనా రాయొచ్చని పేపర్లో ఏసినారు. సిత్తు కాగితాలు సూసి మళ్లీ రాసి నాను కూడా పంపినాన్రా. నా పేరు పుస్తకంలో వస్తాదని ఊరందరికీ సెప్పుకున్నాను. ఏటి రాసినారో సూడు."

చూశాను. "ఇదివరకే మాకు అందిన ఒక పండితుని వ్యాసమును, అందలి మేనల్లుని పుట్టుకతో సహా, మీరు మక్కికి మక్కి నకలు చేసినారు. ఇట్టి చౌర్యము ఉపాధ్యాయులకు తగదు."

"కార్డు గదా," అన్నాడు మావ. "ఊరంతా సదివీసినాక నా సేతికొచ్చింది."

"మేనల్లుడేటి మావా?" అన్నాను.

"సదవనేదేట్రా నువ్వు? మా మేనల్లుడు పుట్టిన యేడు పడ్డ పెద్దవానకి తూరుపు గోడ బయటపడ్డాదని రాసినాను. తారీకులు మనకేటి గుర్తు, పిల్లలు పుట్టిన ఏళ్లే గుర్తు. ఆ ఎదవ అది కూడా ఎత్తుకుపోనాడు! ఆడికి మేనల్లుడున్నాడేటి అసలు?"

లేడు. నాకు అక్కచెల్లెళ్లే లేరు. ఆ మేనల్లుణ్ణి నేనే! అంటే నాకు నేనే మేనమామనై, నా పుట్టుకని నేనే రాసి, సంతకం పెట్టి పంపానన్నమాట.

"నువ్వు సదువుకున్నోడివి. ఆ దొంగకి బుద్ధొచ్చీలా ఓ ఉత్తరం రాయి. ఆ సంచిక జత సేస్తే ఎవురు ముందో తెలిసిపోతాది. ఏదీ, తెచ్చినావా?"

"అది... శనగల బండోడికి పోయింది మావా."

"పోవడవేటి?"

"నేనే ఇచ్చేశాను. ఆ పండితుణ్ణి నేనే మావా."

అత్త నాకోసం తెచ్చిన మజ్జిగ గ్లాసుని మళ్లీ లోపలికి పట్టుకుపోయింది. మావ కొడతాడనుకున్నాను, కొడితే బాగుణ్ణని కూడా అనుకున్నాను. ఆయన ఆయాసపడుతూ, "పోనీ, కొండెక్కినావేట్రా?" అన్నాడు.

"లేదు మావా."

"ఎక్కి దొంగిలించినా ఇంత బాధ ఉండదురా."

ఆ సాయంత్రమే ఊరి నడిమధ్య నిలబడి, దొంగని నేనేనని అందరికీ చెప్పాను. నా ఖర్మ, ఒక్కరూ నమ్మలేదు. "మేనమామ పరువు కోసం తప్పు తన మీదేసుకున్నాడు. ఎంత మంచి గుంటడు!" అని నన్ను మెచ్చుకున్నారు. ఒకాయనైతే కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చాడు. మావ తలుపు సందులోంచి అదంతా చూస్తూనే ఉన్నాడు.

విజ్ఞాన సర్వస్వం వారికి కూడా నిజం రాశాను. "ఇద్దరు మేనమామలలో అసలు వారెవరో తేల్చుటకు మాకు తీరిక లేదు. రెండు వ్యాసములను తిరస్కరించడమైనది" అని జవాబు. ఆ సంపుటం మా కాలేజీకి వచ్చిన రోజున తిప్పి చూశాను. రామతీర్థం ఉండాల్సిన చోట రామాఫలం ఉంది.

మావ అప్పటికి మంచం దిగడం లేదు. "వచ్చినాదేట్రా మన కొండ?" అని అడిగాడు.

"లేదు మావా. రామాఫలం వచ్చింది."

"బాగా రాసినారా?"

"బాగానే రాశారు."

"కింద రాసినోడి పేరున్నాదా?"

"ఉంది మావా."

"అదృష్టవంతుడు," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కాబట్టి, పాఠక మహాశయులారా, పంచభూతాల సాక్షిగా ఇందుమూలంగా శపథం చేస్తున్నాను: ఎక్కని కొండని ఎక్కానని చెప్పను, ఒకరి మాట రాస్తే, ఆ ఒకరెవరో చెప్పి మరీ రాస్తాను. ఈ శపథం కూడా నా సొంతం కాదు. మా మావ మంచం మీంచి చెబుతుంటే రాసుకున్నది.