బావ పరిపించిన తివాచీ

మా బావంటే నాకు గిట్టదు. ముందే చెప్పేస్తే తర్వాత మొహమాటం ఉండదు. అక్క మొగుడు, పైగా నా పైఅధికారి. ఇంట్లోనూ ఆఫీసులోనూ ఆ మొహమే చూడాలి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం.

చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివించి, రికార్డు చేసి వినిపించే సంస్థ మాది. వేలమంది ఎప్పుడూ వింటూనే ఉంటారు కాబట్టి సర్వర్లలో హార్డ్ డిస్కులకు క్షణం తీరిక ఉండదు. పని పెరిగేకొద్దీ వేడెక్కుతాయి. నేల పలకల చిల్లుల్లోంచి పైకి తన్నే చల్లగాలే వాటిని కాపాడాలి. పాడైన డిస్కులు మార్చడం నా పని, గది చూసుకోవడం బావ పని.

అక్క అక్కడే చదివేది, పెళ్ళికి ముందు నుంచీ. ఆమె చదివిన పిల్లల కథల్ని పెద్దవాళ్ళు కూడా మళ్ళీ మళ్ళీ వినేవారు. పోయినేడు గొంతులో గడ్డ లేచింది. డాక్టర్లు ప్రాణం నిలబెట్టి స్వరపేటిక తీసేశారు. "పోనీలేరా, నా గొంతు డిస్కుల్లో ఉందిగా" అని ఆపరేషన్‌కి ముందు నవ్వుతూ అంది.

ఎండలు ముదరగానే బావ తన బల్ల, కుర్చీ సర్వర్ గదిలోకి మార్పించాడు. చల్లగా ఉంటుందని వచ్చినవాడికి కాళ్ళు జివ్వుమన్నాయట! చిల్లుల పలకల మీద మందపాటి తివాచీ పరిపించాడు.

"బావా, గాలొచ్చే దారి అదే. డిస్కులు ఉడికిపోతాయి."

"ఏరా బామ్మర్దీ, నేనిక్కడ వణికి చస్తుంటే డిస్కులు ఉడకడమేంట్రా? నాకు పాఠాలు చెప్పకు."

ఆయన కూర్చున్న మూల చల్లగానే ఉంది. సర్వర్ల బీరువా వెనక చెయ్యి పెడితే మాత్రం పొయ్యి దగ్గర పెట్టినట్టుంది. నేను తివాచీ చుట్టేస్తే ఆయన మళ్ళీ పరిపించేవాడు. వేడి మించిందని మోగే గంట చెవులు తినేస్తోందని దాని తీగ కూడా పీకించాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది నా పని.

ఒక డిస్కు పోయింది. ఒకటి పోతే తట్టుకునే ఏర్పాటుంది, రెండో దానికి లేదు. కొత్తది పెట్టాను. దాన్ని నింపడానికి మిగతావి రెట్టింపు పని చేయాలి. ఆ వేడిలో, ఆ భారంతో, అది నిండకుండానే ఇంకోటి పోయింది. దాంతో రికార్డు చేసిన పుస్తకాలన్నీ పోయాయి.

"ఇంకో కాపీ ఉందిగా!" అన్నాడు బావ, మొహం పాలిపోయి.

ఉంది. వేరే భవనంలో ఉంటే తిరగలేక ఆయనే తెప్పించి, అదే బీరువా పై అరలో పెట్టించాడు. వేడి పోయేదీ పైకే. ఆ డిస్కులూ చచ్చాయి. బాగుచేసేవాళ్ళు విప్పి చూసి, లోపల తిరిగే పళ్ళేలు గీసుకుపోయాయి, ఇక ఏమీ రాదని తిప్పి పంపారు.

ఇంటికెళ్ళి అక్కకి నేనే చెప్పాను. ఆమె గోడకానుకుని కూలబడింది. ఏడుపుకి కూడా శబ్దం లేదు. బావ సోఫాలో చేరబడి చెప్పులు విప్పుకుంటున్నాడు.

"ఇంతోటిదానికి ఏడుపెందుకు? వేరేవాళ్ళ చేత మళ్ళీ చదివిద్దాం. నీకన్నా బాగా చదివేవాళ్ళు లేరా ఏంటి?"

అక్క లేచింది. వీధి తలుపు బార్లా తీసింది. ఆయన వైపు తిరిగి పెదవులు కదిలించింది.

"ఏమంటోందిరా?" అన్నాడు నాతో.

"పొమ్మంటోంది."

అక్క తల అడ్డంగా ఊపి నా భుజం తట్టింది, అంత మెల్లగా కాదన్నట్టు. ఈసారి వీధి చివరిదాకా వినబడేలా "పో బయటికి!" అని అరిచాను.